శుభం కార్డు పడ్డాక... ఆ ఇంట్లో ఏం జరుగుతుంది?

తెరమీద ‘శుభం’ అని పడీ పడకముందే కాళ్లతో చెప్పులు వెతుక్కునే జాతి మనది. హీరో తాళి కట్టాడు, విలన్ జైలుకెళ్లాడు, గ్రూపు ఫొటోలో అందరూ నవ్వారు. ఇక మనకేం పని? బండ్ల స్టాండు దగ్గర రద్దీ పెరక్కముందే బయటపడాలి!

నాకు మాత్రం ఎప్పుడూ ఒక సందేహం. ఆ నవ్విన జంట తర్వాత ఏం చేస్తుంది? మర్నాటి సంగతి వదిలేద్దాం, అది అందరికీ తెలిసిందే. ఆరేళ్ల తర్వాత? ఆయనకు ఆఫీసు, ఆవిడకు ఆఫీసు, పాపకు జ్వరం, అత్తగారికి మోకాలి నొప్పి, గ్యాసు నిండుకుంది... వానలో తడుస్తూ డ్యూయెట్ పాడిన ఆ ఇద్దరూ ఇప్పుడు వానొస్తే ఏమంటారు? ‘‘ఆరేసిన బట్టలు తీశావా?’’ అనే కదా!

నవ్వొచ్చే మాటే గానీ, నవ్వి వదిలేసే విషయం కాదు. పోట్లాటలు లేవు, మూడో మనిషి లేడు, తాగుడు లేదు, కట్నం గొడవ లేదు. అయినా మధ్యలో ఏదో చల్లబడిపోయింది. చెయ్యి తగిలితే ఒకప్పుడు ఒళ్లు ఝల్లుమనేది, ఇప్పుడు ‘‘కొంచెం జరుగు’’ అంటున్నాం. ఈ సంగతి అమ్మతో చెప్పుకోలేం, స్నేహితులతో చెప్పుకోలేం. చివరికి మంచం అవతలి వైపున్న మనిషితో కూడా చెప్పుకోలేం! అలా చెప్పుకోలేని వాళ్లలో కొందరు ‘ఇక ప్రేమ చచ్చిపోయింది’ అని తీర్పు రాసేసుకుంటారు. తీర్పు తొందరపడి రాశారేమో అని నా అనుమానం. ఆ అనుమానం నాకు కలిగించింది కొన్ని సినిమాలే.

ముగ్గురు అమర్‌లు

పెళ్లితో ముగిసే సినిమాలు వందలు. పెళ్లి తర్వాత వాడిపోయిన ప్రేమ గురించి తీసినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో బాసు భట్టాచార్య హిందీలో తీసిన మూడింటిది ప్రత్యేక స్థానం. ‘అనుభవ్’ (1971), ‘ఆవిష్కార్’ (1974), ‘గృహప్రవేశ్’ (1979). గమ్మత్తేమిటంటే, మూడింట్లోనూ భర్త పేరు అమరే! నటులు మారారు, ఇల్లు మారింది, జబ్బు మాత్రం అదే.

‘అనుభవ్’లో సంజీవ్ కుమార్ పత్రికా సంపాదకుడు. క్షణం తీరదు. భార్యగా తనూజ. ఆరేళ్ల కాపురం. డబ్బుంది, ఇల్లుంది, ఇంటినిండా నౌకర్లున్నారు. లేనిదల్లా ఒకరికొకరు! ఒకరోజు ఆ ఇల్లాలు ఏం చేసిందో తెలుసా? ఏడవలేదు, పుట్టింటికి పోలేదు. పాత నమ్మకస్తుడు హరిని మాత్రం ఉంచుకుని (ఆ పాత్ర ఎ.కె. హంగల్‌ది) మిగతా నౌకర్లందరినీ మాన్పించేసింది. ఇంటిపని తానే అందుకుంది.

మొదటిసారి చూసినప్పుడు ‘ఇదేం విరుగుడు?’ అనుకున్నాను. ఉన్న పనికి తోడు ఇంకో పనా? మళ్లీ చూస్తే తెలిసింది. కాఫీ ఎవరో ఇస్తారు, చొక్కా ఎవరో తీసిపెడతారు, తలుపు ఎవరో తీస్తారు. మొగుడూ పెళ్లాలకు ఒకరితో ఒకరికి అవసరం పడే క్షణమే ఆ ఇంట్లో లేదు. ఆవిడ మాన్పించింది నౌకర్లను కాదు, మధ్యలో ఉన్న అడ్డును!

ఆ చిత్రంలో గీతాదత్ పాడిన పాటలు వినండి. కనూ రాయ్ సంగీతం. గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టుంటుంది. ఆ మరుసటి ఏడాదే, 1972లో, ఆమె కన్నుమూసింది.

‘ఆవిష్కార్’లో కథంతా ఒక పెళ్లిరోజు రాత్రి చుట్టూ తిరుగుతుంది. రాజేష్ ఖన్నా, షర్మిలా టాగోర్. ప్రేమించి పెళ్లాడిన వాళ్లే. ఇప్పుడు మాట మాటకీ ముల్లు. మధ్యమధ్యలో పాత రోజులు కళ్లముందు కదులుతుంటాయి. అమ్మాయిల గుండెల్లో రాజ్యమేలుతున్న రాజేష్ ఖన్నా, విసుగెత్తిన మొగుడిగా కనిపించడమంటే మాటలా? ఉత్తమ నటుడిగా ఫిలింఫేర్ బహుమతి కూడా ఆ పాత్రకే అందుకున్నాడు.

‘గృహప్రవేశ్’లో భర్త మనసు ఆఫీసులోని చిన్నపిల్ల వైపు మళ్లుతుంది. సంగతి తెలిసిన భార్య ఆ పిల్లను ఒకసారి ఇంటికి తీసుకురమ్మంటుంది. ఈలోగా ఇంటికి సున్నం వేయిస్తుంది, తనూ ముస్తాబవుతుంది. అదే ఇల్లు, అదే మనిషి, భర్తకు కొత్తగా కనిపిస్తారు. బాగానే ఉంది గానీ, ఈ కాలపు అమ్మాయిలు ఒక ప్రశ్న వేస్తారు. ముస్తాబు కావలసింది భార్య ఒక్కతేనా? పదేళ్లనాటి బనియన్‌తో తిరిగే అయ్యగారి మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. సమాధానం ఆ సినిమాలో లేదు.

దుర్భిణి అందించే దూరం

సంపాదకుడి భార్య అంటే సత్యజిత్ రే ‘చారులత’ (1964) గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? రవీంద్రనాథ్ టాగోర్ రాసిన పెద్దకథ దానికి ఆధారం. అక్కడా భర్త పత్రిక నడుపుతాడు. మంచివాడే, భార్యంటే గౌరవమే. చారుకు ఏమీ తోచక ఒక చిన్న దుర్భిణి పట్టుకుని కిటికీలోంచి వీధిలో పోయేవాళ్లను చూస్తూంటుంది. అంతలో భర్త వరండాలో నడిచిపోతాడు. పక్కనే ఉన్న భార్యను చూడడు. ఆవిడ అదే దుర్భిణిని అతని వైపు తిప్పుతుంది! దగ్గరగా ఉన్న మొగుణ్ణి చూడ్డానికి దుర్భిణి కావలసి వచ్చింది. చల్లబడిన కాపురం గురించి ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

అతను చెడ్డవాడు కాదు. చూడలేదు, అంతే.

దొంగచాటు కాపురాల రుచి

మన తెలుగు సంగతికి వద్దాం. 1955లో ‘మిస్సమ్మ’. పెళ్లికాని జంట ఉద్యోగం కోసం పెళ్లయినట్టు నటిస్తుంది. దాన్ని తిరగేసి బాపు 1991లో ‘పెళ్లి పుస్తకం’ తీశారు. పెళ్లయిన జంట ఉద్యోగాల కోసం పెళ్లికానట్టు నటిస్తుంది. రాజేంద్రప్రసాద్, దివ్యవాణి. కథ రావి కొండలరావుగారిది. ఒకే ఆఫీసు. అందరిముందూ పరాయివాళ్లు. కంటిసైగకూ, రెండు నిమిషాల మాటకూ ముఖం వాచిపోతారు. సొంత పెళ్లాన్ని దొంగచాటుగా కలుసుకోవడంలో ఎంత సరసం ఉందో బాపుగారు చూపిస్తుంటే హాల్లో అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

‘అనుభవ్’ జంటకు ఇరవైనాలుగు గంటలూ లైసెన్సుంది. చూపులే కలవవు. ‘పెళ్లి పుస్తకం’ జంటకు లైసెన్సు లేదు. చూపులు కలవని క్షణం లేదు!

మణిరత్నం ‘సఖి’ (2000) చూసినవాళ్లు ఈ మాట ఇంకా బాగా ఒప్పుకుంటారు. మాధవన్, షాలిని రహస్యంగా పెళ్లిచేసుకుని ఎవరింట్లో వాళ్లే ఉంటారు. అప్పుడు ఎంత తహతహ! సంగతి బయటపడి, రెండిళ్లూ వదిలి, ఇంకా కట్టడం పూర్తికాని ఫ్లాట్లో కాపురం పెట్టారో లేదో... చీటికీ మాటికీ కీచులాటే. మనం అక్కడ కూర్చుని ‘అయ్యో, ఇద్దరూ మంచివాళ్లే కదా’ అనుకుంటూంటాం.

దీనర్థం భార్యాభర్తలు వేరింటి కాపురాలు పెట్టమని కాదు, స్వామీ! ఎదుటి మనిషి మనకు ఖాయం అనుకున్న రోజునుంచి మనం చూడ్డం మానేస్తాం. చూడ్డం మానేసిన చోట కోరిక నిలవదు. ఈ సినిమాలన్నీ తలా ఒక భాషలో చెప్పేది ఇదే.

అలసట ఎవరిది?

‘‘చూడ్డానికి తీరికెక్కడిదండీ?’’ అంటారు. నిజమే. అక్కడే బాపుగారి ‘మిస్టర్ పెళ్లాం’ (1993) గుర్తుచేసుకోవాలి. బ్యాంకు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న భర్త, ఉద్యోగానికి వెళ్లి పైకొచ్చే భార్య. వంటిల్లు ఎంత చాకిరీయో రాజేంద్రప్రసాద్‌కు తన చేత్తో చేస్తే గానీ తెలీదు. ఆమనికి బయట ఎంత ఒత్తిడో వెళ్తే గానీ తెలీదు.

ఈనాటి ఇళ్లల్లో చాలాచోట్ల ఆవిడదే రెండు షిఫ్టులు. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఇంకొకటి. రాత్రి పదిన్నరకు గిన్నెలు సర్ది, పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేసి, నడుం వాల్చిన మనిషి దగ్గరకు అయ్యగారు అప్పుడే సరసానికి సిద్ధమైతే ఆవిడకు కావలసింది సరసమా, నిద్రా? ఆవిడ అటు తిరిగి పడుకుంటుంది. ఈయన ‘నేనంటే ఇష్టం పోయింది’ అనుకుంటాడు. పోయింది ఇష్టం కాదు, ఓపిక! ఆ గిన్నెలేవో ఎనిమిదింటికే ఆయన తోమి ఉంటే? సరసానికి పనికొచ్చే వస్తువుల జాబితాలో మల్లెపూల పక్కన పీచు, సబ్బు కూడా రాసుకోవాలి.

మా ఇంటి సంగతి

ఇంత చెప్పిన తర్వాత మా ఇంటి మాట దాచడం బాగుండదు. సినిమాలమీద రాసేవాడికి శుక్రవారం వస్తే పండగ, ఇంట్లోవాళ్లకు ఆయన ఊళ్లో లేనట్టే. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. మార్చి నెలలో ఆవిడ ఇంట్లో ఉన్నా లేనట్టే. ఇద్దరికీ కలిసొచ్చే రోజు ఆదివారం. దాన్ని పిల్లలూ, చుట్టాలూ, బట్టలూ పంచుకుంటాయి.

‘అనుభవ్’ ఇద్దరం కలిసి చూశాం, మూడు రాత్రుల్లో మూడు ముక్కలుగా. తనూజ నౌకర్లను మాన్పించే ఘట్టం రాగానే మా ఆవిడ ఆపమంది.

‘‘ఏవండీ, మాన్పించడానికి మనకు నౌకర్లు లేరు. ఉన్నవి రెండు సెల్‌ఫోన్లు. వాటిని మాన్పిద్దామా?’’

‘‘నువ్వు మాన్పిస్తే నేనూ మాన్పిస్తా’’ అన్నాను.

ఒప్పందం కుదిరింది. తొమ్మిదిన్నర దాటాక రెండు ఫోన్లూ వంటింట్లో పప్పుడబ్బా పక్కన. మీరనుకున్నట్టు మొదటి రాత్రే వెన్నెల కురవలేదు. అరగంట కూర్చుంటే మాకు దొరికిన మాటలు పాలవాడి లెక్క, స్కూలు ఫీజు, మా బావగారి షుగరు! రెండోరోజూ అంతే. నాలుగోరోజు పాలవాడి లెక్క అయిపోయింది. అప్పుడు ఆవిడ తన బ్రాంచిలో రిటైరవుతున్న ఒక పెద్దమనిషి గురించి చెబుతూ ఆయన నడక అనుకరించి చూపించింది. పెళ్లయిన కొత్తలో మా మేనత్తను ఇలాగే అనుకరించి నన్ను పొట్ట పట్టుకునేలా నవ్వించింది. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ తర్వాత సంగతి సెన్సారు!

ఇప్పటికీ వారంలో నాలుగురోజులే ఒప్పందం నిలుస్తుంది. మూడురోజులు ఫోన్లు గెలుస్తాయి. ఆట ఇంకా జరుగుతోంది.

సినిమా చెప్పనివి రెండు

ఒకటి. కోరిక తగ్గడం అన్నిసార్లూ మనసు జబ్బే కానక్కర్లేదు. కాన్పు తర్వాత నెలల్లో, థైరాయిడ్ తేడాలో, షుగరు వ్యాధిలో, దిగులు జబ్బులో, కొన్ని రక్తపోటు మందులవల్ల, కొన్ని దిగులు మందులవల్ల కూడా తగ్గుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. డాక్టరుతో చెబితే మందు మార్చొచ్చు, వైద్యం చెయ్యొచ్చు. మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి.

రెండోది ఇంకా ముఖ్యం. కాపురాలమీద అంత సున్నితంగా సినిమాలు తీసిన బాసు భట్టాచార్య కాపురం నిలవలేదు. ఆయన భార్య రింకీ, ప్రఖ్యాత దర్శకుడు బిమల్ రాయ్ కుమార్తె. పెళ్లిలో తాను దెబ్బలు తిన్నానని ఆమె తర్వాత బహిరంగంగా చెప్పారు, గృహహింసమీద పుస్తకాలు రాశారు. అది తెలిశాక ఆ మూడు సినిమాలూ నేను వెనకటిలా చూడలేకపోతున్నాను. చల్లబడ్డ కాపురం వేరు, చెయ్యెత్తే కాపురం వేరు. మొదటిదానికి ఓర్పు మందు. రెండోదానికి ఓర్పు విషం. అక్కడ సర్దుకుపొమ్మని చెప్పేవాళ్ల మాట వినకండి.

కుర్రకారుకు ఒక మాట

‘ఇదంతా మాకెందుకు, మాకింకా పెళ్లే కాలేదు’ అంటారేమో. మీకే కావాలి! 2012లో తనికెళ్ల భరణి తీసిన ‘మిథునం’ చూడండి. శ్రీరమణగారి కథ. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, తెరమీద ఆ ఇద్దరే. ముసలి జంట కీచులాడుకుంటూ, తినిపించుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ బతుకుతారు. వాళ్లకు యవ్వనం లేదు, తొందర లేదు. కళ్లు మాత్రం ఒకరిమీద ఒకరికి ఉన్నాయి. అది పెళ్లిరోజున తాళితోపాటు ఊరికే వచ్చింది కాదు. ఏళ్ల తరబడి రోజూ కాస్త కాస్త కూడబెట్టుకున్నది.

పెళ్లిచూపుల్లో మీరెలాగూ ‘‘మీ అభిమాన హీరో ఎవరు?’’ అని అడుగుతారు. అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడండి: ‘‘బాగా అలసిపోయి ఇంటికొచ్చిన రోజు మీరెలా ఉంటారు?’’ డ్యూయెట్లు ఎవరైనా పాడతారు. ఆ ప్రశ్నకు నిజం చెప్పిన మనిషి దొరికితే మాత్రం వదలకండి!