సరిపోని తూటా

మా హోసూరు ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. మొన్న సంక్రాంతికి గోడలకు సున్నం వేయిస్తూ దాన్ని దింపించాను. పాత పట్టా కాగితాల అడుగున పేలిన తూటా తొడుగు ఒకటి దొరికింది. అట్ట గొట్టం, అడుగున ఇత్తడి, పక్కన వెలిసిపోయిన ఆరో అంకె. పండక్కి బెంగుళూరు నుంచి వచ్చిన మా మనవడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాతా, దీంతో పులిని కొట్టొచ్చా?" అని అడిగాడు.

"కొట్టొచ్చు నాయనా. చంపడానికి లేదు. అదే వచ్చిన చిక్కు" అన్నాను. వాడికి చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

అది 1958. నాకు ఎనిమిదేళ్ళు. మా నాయనకు పన్నెండు బోరు తుపాకి ఉండేది. ఒక రాత్రి గొర్రెల దొడ్డిలో చిరుత పడిందని కేకలు వినపడగానే తుపాకి తీసుకొని పరుగెత్తాడు. గొట్టంలో ఉన్నది పగలు కౌజుల కోసం పెట్టిన ఆరో నంబరు తూటా. మార్చాలని ఆ హడావుడిలో తోచలేదు. కాల్చాడు. చిరుత ఒక్క అరుపు అరిచి పొదల్లోకి పోయింది.

తెల్లవారాక ఆ పొదల పక్కగా మంద తోలుకుపోతున్న కాపరి మీద అది పడింది. మనిషి బతికాడు గాని కుడి చేయి మళ్ళీ పనికి రాలేదు. మూడో నాడు ఊరివాళ్ళు పిలిపించిన వేటగాడొకరు చిరుతను చంపారు. తోలు వలిచి చూస్తే, మా నాయన కాల్చిన రవ్వలు చర్మం కిందే ఉన్నాయి. ఒక్కటీ లోపలికి పోలేదు.

కారణం తేలికైనదే. ఆరో నంబరు తూటాలో రెండు వందలకు పైగా రవ్వలుంటాయి. ఒక్కొక్కటి గ్రాములో పదో వంతు. పిట్టకు అది చాలు. కండ, ఎముక దాటి గుండెను చేరాలంటే బరువున్న ఒకే గుండు కావాలి. మన జవళగిరి, డెంకణికోట అడవుల్లో నరభక్షకుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ పేరు మనలో చాలామందికి తెలుసు. 1910లో సికిందరాబాదు దగ్గర బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడినవాడు. ఆయన వాడింది పాయింటు 405 విన్‌చెస్టర్ రైఫిలు. దాని గుండు 19 గ్రాముల పైన తూగుతుంది. సెకనుకు సుమారు 670 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది.

బరువొక్కటే చాలదు, గుండు తయారీ కూడా చూడాలి. పులికి, చిరుతకు మెత్తని మొన ఉన్న గుండు కావాలి. అది లోపలికి పోయి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఏనుగుకు అదే వాడితే దారిలోనే విచ్చుకొని ఆగిపోతుంది. అందుకే అక్కడ గట్టి లోహపు తొడుగున్న గుండు, విచ్చుకోకుండా తిన్నగా దూసుకుపోయేది, వాడతారు. వేటకు ఇప్పటికీ అనుమతి ఉన్న ఆఫ్రికా దేశాలు కొన్నింటిలో ఏనుగుకు, అడవి దున్నకు ఇంతకు తగ్గని తుపాకి ఉండాలని నియమం ఉంది. 1912లో వచ్చిన పాయింటు 375 మాగ్నమ్‌ను అక్కడి వేటగాళ్ళు కనీస కొలతగా చెబుతారు.

"అయితే అన్నిటికన్నా పెద్దది కొంటే సరి కదా?" అన్నాడు మనవడు.

సరి కాదు. పెద్ద తూటా భుజాన్ని గుద్దుతుంది. ఆ దెబ్బకు భయపడ్డవాడు మీట నొక్కేముందే కళ్ళు మూసుకుంటాడు. గురి తప్పుతుంది. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపింది పాయింటు 275 రిగ్బీ అనే చిన్న రైఫిలుతో. అదే కొలత తుపాకితో బెల్ అనే వేటగాడు ఆఫ్రికాలో వందల ఏనుగులను పడగొట్టాడు. పుర్రెలో మెదడు ఎక్కడుంటుందో ఆయనకు అంత బాగా తెలుసు. అందరూ బెల్‌లు కారు కదా! అందుకే చేతికి లొంగేది, ప్రాణస్థానం దాకా చేరేది, ఈ రెండూ కుదిరినదే సరిపోయే తూటా.

సరిపోనిది కాలిస్తే ఫలితం కాల్చినవాడికి కాదు, దారినపోయేవాడికి తగులుతుంది. 1907లో కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. దాని కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కాల్చిన గుండు చేసిన పని అది. ఆ కోరలు లేకనే అది అడవి జంతువులను పట్టలేకపోయిందని కార్బెట్ రాశాడు.

1972 చట్టం వచ్చాక మన దేశంలో ఈ వేట ముగిసింది. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చిన జంతువునైనా ముందు పట్టడానికి చూడాలి, మత్తు సూది వేయాలి. అది కుదరనప్పుడే ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని రాతపూర్వకమైన అనుమతితో చంపాలి. కాని నాటు తుపాకులూ, పంటను కాపాడే పేరుతో పెట్టే నాటు బాంబులూ ఇంకా పోలేదు. 2020లో కేరళలో పేలుడు మందు పెట్టిన కాయ కొరికి చూలు ఏనుగు చచ్చిపోయిన వార్త మీరూ చదివే ఉంటారు. మన హోసూరు పక్కకు ఏటా రాగి పంట వేళకు ఏనుగులు దిగుతాయి. వాటిని సగం గాయంతో వదిలితే మరునాడు ఆ దారిన నడిచేది మన బిడ్డలే.

మా నాయన ఆ తర్వాత తుపాకి ముట్టలేదు. ఆ తొడుగును మాత్రం పారేయలేదు. బతికినన్నాళ్ళూ ప్రతి సుగ్గికీ ఆ కాపరి ఇంటికి రెండు మూటల రాగులు మోయించాడు. ఆయన తర్వాత నేనూ పంపుతున్నాను. ఈ ఏడు మనవణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాను. మూటలో ఒకటి వాడే బండి మీద నుంచి దించాడు.