మీ అవ్వ తండ్రి పేరు మీకు తెలుసునా?



కొన్నాళ్ల క్రితము కొత్తవాడలో ఎనుబది యేండ్లు దాటిన ఒక తల్లి ప్రభువునందు నిద్రించినది. భూస్థాపన ముగిసిన తరువాత సంఘపు రిజిష్టరు తెరచి, "అవ్వ తండ్రి పేరేమి? పుట్టిన ఊరేది?" అని అడిగాము. కొడుకు మనుమని వైపు చూచాడు. మనుమడు నేలవైపు చూచాడు. "అది అవ్వకే ఎరుక అయ్యగారూ" అన్నాడు చివరకు కొడుకు. ఆ రెండు గడులు ఖాళీగానే ఉండిపోయినవి. తప్పు వారిది మాత్రమే కాదు. ఎన్నో యేండ్లు ఆ ఇంట ప్రార్థన చేసి, టీ త్రాగి వచ్చిన మేము కూడ ఒక్కసారియైనను అడుగలేదు.

ఆ రాత్రి ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము తెరచాము. పేర్ల పట్టికయని మనము తరచు దాటిపోవు అధ్యాయమది. బబులోను చెరనుండి తిరిగివచ్చిన వారిలో కొందరు యాజకుల సంతతివారు తమ వంశావళిని వెదకారు. అది దొరకలేదు. అందుచేత యాజకత్వమునుండి వారు తొలగింపబడ్డారు. చెరలో ఇల్లు పోయినది, ఆలయము పోయినది. పేర్లు కూడ పోయినవారి బాధ ఆ నాలుగు మాటలలో కనబడుచున్నది.

ఈ వెదకులాట మన తెలుగు నేలమీద కూడ జరుగుచున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో కొన్ని పదుల కుటుంబములు తమ్మును "బెనె ఎఫ్రాయిము", అనగా ఎఫ్రాయిము సంతానము అని చెప్పుకొందురు. వీరు మాదిగ కుటుంబములవారు. అనేకులు ఒకప్పుడు మనవంటి సంఘములలోనివారే. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను అన్నదమ్ముల నడిపింపులో 1990ల ఆరంభమున సమాజమందిరము ఏర్పరచుకొని, సబ్బాతు ఆచరించుచు హెబ్రీ నేర్చుకొనసాగారు. తప్పిపోయిన గోత్రములలో తామొకరమని పెద్దలు ఇండ్లలో చెప్పిన మాటలే వారి ఆధారము. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది.

వారు ఎంచుకొనిన విశ్వాస మార్గముతో మేము ఏకీభవించలేము. అయినను వారిని ఎగతాళి చేయుటకు మనసొప్పదు. వెట్టిచాకిరి చేసిన తాతల పేర్లను ఎవరు గౌరవముగా వ్రాసిపెట్టారు? "మేమెవరము?" అను వారి ప్రశ్న మన ఇండ్లలోని ప్రశ్న కూడ.

యూదులు పేరును ఎంత విలువగా ఎంచుదురో యెరూషలేములోని యాద్ వాషేమ్ స్మారకము చూపుచున్నది. 1953లో ఇశ్రాయేలు పార్లమెంటు చట్టముచే అది ఏర్పడినది. దాని పేరు యెషయా 56:5 నుండి తీసికొనబడినది. హిట్లరు కాలమున చంపబడిన దాదాపు 60 లక్షలమంది యూదులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క సాక్ష్యపత్రము వ్రాయవలెనని వారి ప్రయత్నము. పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, చేసిన పని, మరణించిన స్థలము వ్రాసి, దొరికితే ఫొటో అంటించి, బంధువో పొరుగువారో సంతకము చేయుదురు. ఇట్టి పత్రములనుండియు, ఇతర దస్తావేజులనుండియు 48 లక్షలకు పైగా పేర్లు సమకూడినవి. శత్రువు తుడిచివేసిన పేరును ఒక మేనల్లుడు, ఒక పక్కింటి స్త్రీ తిరిగి వ్రాయించారు.

మనకు అట్టి సంహారము కలుగలేదు. మన పేర్లు అశ్రద్ధవలన పోవుచున్నవి. మన కొత్తవాడ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేసిన చేతుల పేర్లు ఎక్కడ ఉన్నవి? 1934లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు నేడు లేదు. అందులో పనిచేసిన తాతల జ్ఞాపకములు కూడ వారితోనే వెళ్లిపోవుచున్నవి. పని వెదకుకొనుచు షోలాపూరు, భీవండి, సూరతు వెళ్లిన మన వారి పిల్లలకు ఊరి పేరు తప్ప మరేమి మిగిలినది? మగ్గముమీద పోగు తెగినయెడల నేతగాడు వెంటనే ఆగి ముడివేయును. తరువాత చూతమనుకొంటే గుడ్డలో ఆ లోపము నిలిచిపోవును.

కాబట్టి ఈ ఆదివారము ఆరాధన తరువాత మీ ఇంటి పెద్దల యొద్ద కూర్చుండుడి. తలిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, మొదట ప్రభువును నమ్మినదెవరు, ఎవరు బాప్తిస్మమిచ్చారు, కరవు వచ్చినప్పుడు ఏమి తిన్నారు అని అడుగుడి. వారి మాటలలోనే వ్రాయుడి. పాత ఫొటోల వెనుక పెన్సిలుతో పేర్లు వ్రాయుడి. స్త్రీల పేర్లు విడువవద్దు. చనిపోయిన పసిబిడ్డల పేర్లు కూడ విడువవద్దు. తల్లి వారిని మరచియుండదు. సెల్‌ఫోను ఉన్న పిల్లలు అవ్వ గొంతును కూడ దాచవచ్చును.

అయితే ఒక హెచ్చరిక. మితములేని వంశావళులను గూర్చి పౌలు తిమోతిని హెచ్చరించెను. మనము వ్రాయునది గొప్పలు చెప్పుకొనుటకు కాదు. మత్తయి మన ప్రభువు వంశావళిలో తామారును, రాహాబును, మోయాబీయురాలైన రూతును దాచలేదు. మీ ఇంటి చరిత్రలో పేదరికమున్నను, అవమానమున్నను దాచకుడి. దేవుడు అక్కడనే మిమ్మును కలిసికొనెను.

మా రిజిష్టరులోని ఆ రెండు గడులు ఇంకను ఖాళీయే. ఆ తల్లి పేరును, ఆమె తండ్రి పేరును దేవుడెరుగును. ఆమె మనుమడు మాత్రము ఒక నోటుబుక్కు కొని, బ్రతికియున్న చిన్నవ్వ యొద్దకు వెళ్లియున్నాడు. మీరును ఆలస్యము చేయకుడి.