మాట్లాడని రోబో

వృద్ధుల సంరక్షణకు రోబోలు అనగానే మందులందించే, మంచం మీది నుంచి లేవదీసే మరమనుషులు మనసులో మెదలడం సహజమే గాని, అమెరికాలోని కొన్ని సంరక్షణ కేంద్రాల్లో నిలదొక్కుకున్న 'పారో' అలాంటి పని ఒక్కటీ చేయదు. జపాన్ ఇంజనీరు తకనోరి షిబాతా 1993 నుంచి తీర్చిదిద్దుతూ వచ్చిన ఈ యంత్రం తెల్లటి బొచ్చుతో, సుమారు 2.7 కిలోల బరువుతో ఉండే సీల్ పిల్ల బొమ్మ. సీల్ అంటే ఎక్కువగా శీతల సముద్రాల్లో బతికే క్షీరదం. పనికి కాక సాంగత్యానికి ఉద్దేశించిన ఇలాంటి యంత్రాలను సామాజిక రోబోలు అంటారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో పారోను రెండవ తరగతి వైద్య పరికరంగా అనుమతించింది.

దాని బొచ్చు కింద స్పర్శను, వెలుతురును, శబ్దాన్ని, ఉష్ణోగ్రతను, తన ఒంటి వాలును పసిగట్టే సెన్సార్లు ఉంటాయి. నిమిరితే అంతకు ముందు చేసిన చేష్టను మళ్లీ చేయడానికి ప్రయత్నిస్తుంది, కొడితే దానిని మానుకుంటుంది, పెట్టిన పేరుతో పిలవగా పిలవగా ఆ పిలుపుకు స్పందించడం నేర్చుకుంటుంది. షిబాతా మొదట కుక్క, పిల్లి రూపాలను ప్రయత్నించాడు; కాని వాటి నడత అందరికీ తెలిసినదే కనుక, జనం నిజమైన జంతువుతో పోల్చి లోపాలెంచారు. సీల్‌ను ఒళ్లో పెట్టుకున్నవారు అరుదు కాబట్టి దానికి ఆ చిక్కు రాలేదు.

జ్ఞాపకం, ఆలోచన, భాష క్రమంగా సన్నగిల్లే డిమెన్షియా రోగి విషయంలో పారో మాటలాడకపోవడం మరీ విలువైనది. మాటలాడే రోబో అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు వెతుక్కోవలసి వస్తుంది, పారో ఏమీ అడగదు. ఇందుకు భిన్నంగా, అమెరికాలోని మినసోటా రాష్ట్ర సంరక్షణ కేంద్రాల్లో మినసోటా విశ్వవిద్యాలయ డులూత్ ప్రాంగణ పరిశోధకులు ప్రవేశపెట్టిన పెప్పర్, నావో రోబోలు మాటలతోనూ ఆటలతోనూ వృద్ధులను పలకరిస్తాయి. మాట ఇంకా పట్టుతప్పని వారికి అవీ ఉపకరించవచ్చు.

టెక్సస్‌లోని 5 డిమెన్షియా కేంద్రాల్లో 61 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 3 సార్లు 20 నిమిషాల చొప్పున 3 నెలలు పారోతో గడిపిన వారిలో ఆందోళన తగ్గింది, మనోవ్యాధుల మందుల, నొప్పి మందుల వాడకమూ తగ్గింది. అయితే అదే ఏడాది వెలువడిన, 415 మంది పాల్గొన్న ఆస్ట్రేలియా అధ్యయనం ఒక తెలివైన పని చేసింది: కొందరికి పారోను మీట ఆపి ఇచ్చింది. కదిలే పారోతో వృద్ధులు ఎక్కువగా మాట్లాడారు, దాన్ని ఎక్కువగా చూశారు. ఇతర కొలతల్లో మాత్రం కదలని బొమ్మకూ దానికీ తేడా అంతగా కనబడలేదు. అంటే ఉపశమనంలో కొంత భాగం మెత్తని బొచ్చుది, మిగిలినదే యంత్రానిది.

మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ఆచార్యురాలు షెర్రీ టర్కిల్ 2011 నాటి తన గ్రంథంలో, ఏమీ అర్థంకాని వస్తువుతో మనసు విప్పుకోమనడం వృద్ధులకు న్యాయమా అని నిలదీసింది. రోబో ఉందన్న ధీమాతో సిబ్బందిని తగ్గించే యాజమాన్యాల విషయంలో ఆ ప్రశ్న సరైనదే. కాని పారో ఒక్కొక్కదానికి సుమారు ఆరేసి వేల డాలర్లు పోయగలిగిన కేంద్రాలు ఎలాగూ కొన్నే; 2015లో హాస్‌బ్రో సంస్థ 100 డాలర్ల లోపు ధరకు తెచ్చిన, నిమిరితే గుర్రుమనే పిల్లి బొమ్మ వంటి వాటినే న్యూయార్క్ రాష్ట్ర వయోవృద్ధుల కార్యాలయం ఒంటరి వృద్ధులకు పంచిపెట్టింది.