మీకు తెలుసా? చీకటిని కోరు చామంతి
ఏడాది పొడుగునా పూచెడు పూలమడిని వేయదలచినవారు మొట్టమొదట గుర్తింపవలసినది చామంతి స్వభావము: రాత్రులు దీర్ఘములైనగాని అది మొగ్గ తొడుగదు, కావుననే వీధిదీపపు వెలుగు రాత్రియెల్ల మీద పడుచోట నాటిన మొక్క, ఎంత యెరువు వేసినను, వట్టి ఆకులతోనే కాలము వెళ్ళబుచ్చును. మల్లె తీరు వేఱు. మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, ఆకు దూసి, మోకాలి యెత్తున కొమ్మలు కత్తిరించినచో, చూచువారికిది క్రౌర్యముగ తోచినను, ఆపై వచ్చు క్రొత్త చిగుళ్ళ కొనలయందే వేసవి మొగ్గలు గుత్తులుగా వెలువడును. విత్తిన సుమారు 2 నెలలకు పూచు బంతిని శ్రావణమున నొకమారు, కార్తికమున మరియొకమారు వేసినచో దసరాకును సంక్రాంతికిని తోరణములకు కొదువ యుండదు. నడుమ వెలితిని కనకాంబరము పూరించును. దానికి కొంత నీడ తగిలినను బాధ లేదు.