జాతర బండికి జనరేటరు

ములుగు జిల్లాలో మేడారం అనే ఊరు ఉంది. అక్కడ రెండేళ్లకు ఒకసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. నాలుగు రోజుల జాతర. అడవంతా జనమే. ఆ జనానికి టిఫిన్లు, చాయ్ అమ్ముకోవడానికి ఎంతోమంది బండ్లు కట్టుకుని వస్తారు.

ఒక వదినె, ఆమె ఆడబిడ్డ కలిసి వ్యానులో టిఫిన్లు అమ్ముతారనుకుందాం. పగలు వ్యానులోనే వంట. రాత్రి వ్యానులోనే పడక. కరెంటు స్తంభం దగ్గర చోటు దొరుకుతుందో లేదో తెలీదు. అందుకే జనరేటరు కొనాలనుకున్నారు. సంఘంలో అప్పు తీసుకుని దుకాణానికి పోయారు.

"రెండు కేవీఏది తీసుకోండమ్మా. దేనికైనా పనికొస్తుంది" అన్నాడు దుకాణదారు.

వదినె సరేనని తల ఊపింది.

"ఆగు వదినె! మనకెంత కావాలో లెక్క చూద్దాం" అంది ఆడబిడ్డ.

ఏమిటా లెక్క?

ప్రతి కరెంటు సామాను మీద ఒక చిన్న చీటీ ఉంటుంది. దాని మీద అంకెలు ఉంటాయి. 230 అని ఉంటే అవి వోల్టులు. వాటిని లెక్కలో కలపకూడదు. ఏ అంకె పక్కన ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం ఉందో అదే మనకు కావాలి. అవి వాట్లు. ఆ సామాను ఎంత కరెంటు లాగుతుందో అది చెబుతుంది.

వాళ్ల బండిలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు. అంటే 36. టేబుల్ ఫ్యాను 50. రెండు ఫోన్లకు ఛార్జింగు 20. మొత్తం 106 వాట్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ చట్నీకి మిక్సీ ఉంది. దాని మీద 750 అని ఉంది! కలిపితే 856.

1 కేవీఏ జనరేటరు సుమారు 800 వాట్లు ఇస్తుంది. అది చాలదు. పైగా మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు రెండు మూడింతలు లాగుతుంది.

అయితే దుకాణదారు చెప్పిందే నిజమా? కాదు. ఇంట్లో 150 వాట్ల చిన్న గ్రైండరు ఉంది. చూడటానికి మిక్సీ కంటే పెద్దది, బరువు. కానీ లాగే కరెంటు తక్కువ. మొదట్లో మూడింతలు లాగినా 450. మిగతావి 106 కలిపితే 556. 1 కేవీఏ చాలు. చట్నీ కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

పెద్ద జనరేటరు ధర ఎక్కువ. బరువు ఎక్కువ. దాని మీద రెండు బల్బులే వేసినా పెట్రోలు ఎక్కువే తాగుతుంది. అప్పు తీరేదాకా ఆ ఖర్చు మోయాలి. గంటకు ఎంత పెట్రోలు కావాలో, చప్పుడు ఎంత వస్తుందో దుకాణంలోనే నడిపించి చూడాలి.

ఇక అన్నిటికంటే పెద్ద సంగతి పొగ. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి వస్తుంది. తల తిరుగుతుంది. కడుపులో వికారం. నిద్రలో ఉంటే అదీ తెలీదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కిటికీ తీసి ఉంచాం కదా అనుకోవద్దు. అది చాలదు.

అందుకే జనరేటరును వ్యానులో గానీ, వ్యాను కింద గానీ నడపకూడదు. కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి. పొగ గొట్టం మన వైపు గానీ, పక్క బండి వైపు గానీ ఉండకూడదు. పడుకునే ముందు ఆపేయాలి. ఎవరికైనా తల తిరిగితే వెంటనే బయట గాలిలోకి తీసుకుపోయి 108కి ఫోను చేయాలి.

పెట్రోలు పోయాలంటే జనరేటరు ఆపి, చల్లారనివ్వాలి. పెట్రోలు డబ్బా పొయ్యి దగ్గర ఉండకూడదు.

"20 అడుగులంటే మన వైరు అందదు గదా!" అంది వదినె.

అందదు. కాబట్టి జనరేటరుతో పాటే పొడుగాటి మందపు వైరు కూడా కొనాలి. సన్న వైరైతే వేడెక్కి కరుగుతుంది.