పేటెంటు తగాదాలో తేదీయే సాక్షి

మన ఇళ్లలో చాలామంది పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. పేటెంటు చేతికొస్తే ఇక తిరుగులేదని మనలో కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఆ పనిని అంతకుముందే వేరొకరు చేసి నలుగురికీ చూపించి ఉంటే పేటెంటు చెల్లదు. ముందే లోకానికి తెలిసినదాన్ని ‘ప్రయర్ ఆర్ట్’ అంటారు. అమెరికాలో 1999లో మొదలై 2013 దాకా సాగిన వ్యాజ్యాలు చూస్తే ఇది తేటగా అర్థమవుతుంది.

వెబ్ పేజీ లోపలే బొమ్మలు తిప్పి చూసే వీలు కల్పించే పద్ధతిపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1994 అక్టోబరులో దరఖాస్తు పెట్టింది. 1998 నవంబరులో పేటెంటు వచ్చింది. దానిపై హక్కులు పొందిన ఇయోలాస్ అనే చిన్న కంపెనీ, తమ పద్ధతినే వాడుకుందంటూ మైక్రోసాఫ్ట్‌పై దావా వేసింది. 2003లో చికాగో జ్యూరీ సుమారు 52 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది.

మైక్రోసాఫ్ట్ అప్పీలుకు వెళ్లింది. పేయ్ యువాన్ వే అనే యువకుడు అంతకుముందే ‘వయోలా’ అనే బ్రౌజర్ తయారుచేశాడని వాదించింది. అతడు 1993 మే 7న సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు ఇద్దరికి దాన్ని చూపించాడు. రహస్యంగా ఉంచాలన్న ఒప్పందమేదీ లేదు. మే 31న మెరుగుపరచిన కాపీని ఇంటర్నెట్‌లో అందరికీ దొరికేలా పెట్టాడు. బహిరంగంగా వాడిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలన్నది అప్పటి అమెరికా చట్టం. ఇక్కడ మధ్యలో 17 నెలలు గడిచాయి.

కొత్త కాపీ చేశాడు గనుక పాతదాన్ని వదిలేసినట్టేనని కింది కోర్టు భావించింది. వయోలా సంగతిని జ్యూరీ తేల్చే అవకాశమే ఇవ్వలేదు. మెరుగుపరిస్తే వదిలేసినట్టు కాదని 2005 మార్చిలో అప్పీలు కోర్టు చెప్పి, కేసును తిరిగి విచారణకు పంపింది. 2007లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. తరువాత గూగుల్, అమెజాన్, యాహూలపై వేసిన కేసులో వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ సాక్ష్యమిచ్చారు. 2012 ఫిబ్రవరిలో టెక్సాస్ జ్యూరీ ఆ పేటెంటు చెల్లదంది. 2013లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది.

మన పసుపు సంగతీ ఇలాంటిదే. గాయం మానడానికి పసుపు వాడే పద్ధతికి 1995లో అమెరికా పేటెంటు ఇచ్చింది. మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికల ఆధారాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. అమ్మమ్మలకు తెలుసంటే కుదరలేదు, కాగితం చూపాల్సి వచ్చింది.

మన దేశంలో పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. అందుకే పిల్లలకు మనం చెప్పవలసింది ఒక్కటే. పేటెంటు కావాలనుకుంటే పనిని బయట చూపించకముందే దరఖాస్తు పెట్టాలి. అందరికీ ఉచితంగా ఇవ్వాలనుకుంటే తేదీతో సహా బహిరంగపరచి, ఆ ఆధారాన్ని భద్రపరచాలి. తేదీ లేని కాగితాన్ని ఆఫీసు ఫైలులోనే ఎవరూ నమ్మరు, ఇక కోర్టు ఎలా నమ్ముతుంది?