అద్దె 40 వేలేనా... అసలు లెక్క చూశారా?

యాప్‌లో ఫొటోలు చూస్తే మనసు పడిపోతుంది. ఇరవై మూడో అంతస్తు, బాల్కనీలోంచి గండిపేట చెరువు, కింద స్విమ్మింగ్ పూల్, పక్కనే జిమ్. టూ బీహెచ్‌కే, సెమీ ఫర్నిష్డ్, అద్దె 40 వేలు. 'ఇద్దరం పంచుకుంటే తలా ఇరవయ్యే కదరా' అంటూ రూమ్మేట్‌కి లింక్ పంపేస్తాం. కోకాపేట, నార్సింగి, నల్లగండ్ల, తెల్లాపూర్... హైదరాబాద్‌కి పడమటి వైపు ఇల్లు వెతికేవాళ్ల కథ దాదాపు ఇలాగే మొదలవుతుంది. అయితే ఆ 40 వేలు గోడలకీ, కప్పుకీ కట్టే అద్దె. అక్కడ రోజులు గడపడానికి కట్టాల్సిన రెండో అద్దె ఒకటుంటుంది. దాన్ని ఏ యాప్ చూపించదు.

ఇక్కడ రేట్లు ఎందుకింత మండిపోతున్నాయో అర్థం కావాలంటే ఒక్క అంకె చాలు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఒకచోట ఎకరం ధర 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంతకు రెండేళ్ల ముందు అక్కడే జరిగిన వేలంలో గరిష్ఠ ధర ఎకరానికి 60 కోట్ల పైచిలుకు. అంత పోసి కొన్న నేల మీద కట్టే ఇళ్లు మబ్బుల్లోకి కాక ఇంకెక్కడికి పోతాయి? ఫ్లాట్ కొన్న ఓనరుకీ సుఖం లేదు. వచ్చే అద్దె ఆయన కట్టే ఈఎంఐలో సగానికి కూడా సరిపోదు. ఆ కడుపుమంట ఎవరి మీద చల్లారుతుందో వేరే చెప్పాలా!

చేరకముందే లక్షన్నర

లెక్క కోసం ఆ 40 వేల ఫ్లాటే తీసుకుందాం. హైదరాబాద్‌లో అడ్వాన్స్ మామూలుగా రెండు నెలల అద్దె. బెంగళూరులో ఎనిమిదీ పది నెలలు అడిగేవాళ్లతో పోలిస్తే మనం అదృష్టవంతులమే. అడ్వాన్స్ 80 వేలు, మొదటి నెల అద్దె 40, బ్రోకర్‌కి సగం నెల వేసుకున్నా ఇంకో 20. మొత్తం లక్షా 40 వేలు. సామాను లారీ ఇంకా బయల్దేరనే లేదు. కొన్ని కమ్యూనిటీల్లో లిఫ్ట్ వాడినందుకు 'మూవ్-ఇన్ చార్జీలు' కూడా వసూలు చేస్తారు. పైగా ఆదివారం సామాను దించకూడదంటారు. మనకి సెలవుండేది ఆ ఒక్క రోజే!

ఇక నెలనెలా వచ్చే మెయింటెనెన్స్. చదరపు అడుక్కి 4 రూపాయలనుకుంటే 1,250 అడుగుల ఫ్లాట్‌కి 5,000. పెద్ద ఫ్లాట్ తీసుకుని ఇది నెలకి 7,500 దాటిందంటే, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షల పైనున్నచోట 18 శాతం జీఎస్టీ కూడా తోడవుతుంది. యాప్‌లో రాసిన అద్దెలో మెయింటెనెన్స్ కలిసిందా లేదా అన్నది ఫోన్‌లోనే అడిగేయండి. 'కలిపే సార్' అన్నాడా, ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకోండి. కరెంటు పోతే వచ్చే జనరేటర్ యూనిట్ మామూలు యూనిట్ కంటే బాగా ఖరీదు, దానికి వేరే మీటరు. వేసవిలో బిల్లు చూసి 'ఏసీ అంత వాడామా?' అని ఒకరి మొహం ఒకరు చూసుకునేది అందుకే.

పన్నుల సంగతి కూడా ఒకటుంది. నెల అద్దె 50 వేలు దాటితే అందులో టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది అద్దెకున్న మనమే. 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం, అంతకుముందు 5. త్రీ బీహెచ్‌కేలో ముగ్గురు కలిసి ఉంటూ, అగ్రిమెంట్ మాత్రం ఒక్కడి పేరు మీద రాయించుకునే బ్యాచ్‌లకి ఈ విషయం చాలాసార్లు నోటీసు వచ్చాకే తెలుస్తుంది. హెచ్‌ఆర్‌ఏ చూపించుకునేవాళ్లకైతే ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలి. అది ఇవ్వనని ముందే చెప్పే ఓనర్లున్నారు. ఆ ఇల్లు అందుకే కాస్త చవగ్గా దొరుకుతుంటుంది.

చెరువు పక్కనే, ట్యాంకరు కోసం ఎదురుచూపు

1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలా జరగకూడదని కట్టించినదే ఉస్మాన్‌సాగర్, మన గండిపేట చెరువు. 1920లో పూర్తయింది. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని పెద్దవాళ్లు చెప్పే మాట. ఇప్పుడు అదే చెరువు కనబడేలా బాల్కనీ ఉందని అద్దె పెంచుతారు, కుళాయిలోకి నీళ్లు మాత్రం ట్యాంకరులో వస్తాయి. ఊరు నిలువుగా పెరిగినంత వేగంగా పైపులైన్లు రాలేదు, బోర్లు ఎండాకాలంలో చేతులెత్తేస్తాయి. 2024 వేసవిలో ఈ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ట్యాంకర్ తప్ప వేరే ముచ్చట లేదు. ట్యాంకర్ల ఖర్చు చివరికి మెయింటెనెన్స్‌లోనో, 'అదనపు నీటి చార్జీ' పేరుతోనో మన దగ్గరికే చేరుతుంది. కాబట్టి ఇల్లు చూడ్డానికి జూలైలో వెళ్లినా సరే, అడగాల్సింది మే నెల గురించే. బ్రోకర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. నిరుడు మేలో రోజుకి ఎన్ని ట్యాంకర్లొచ్చాయో ఆయనకి వేళ్ల మీద లెక్క ఉంటుంది.

నీళ్ల తర్వాత రోడ్డు. ఇల్లు, ఆఫీసు మధ్య దూరం మ్యాప్‌లో ఎనిమిది కిలోమీటర్లే చూపిస్తుంది. అది ఆదివారం పొద్దున్న నిజమే. సోమవారం తొమ్మిదిన్నరకి గచ్చిబౌలి, బయోడైవర్సిటీ జంక్షన్ దాటి చూడండి! 2020లో దుర్గం చెరువు తీగల వంతెన, 2023 కొత్త సంవత్సరం రోజున కొత్తగూడ ఫ్లైఓవర్, ఇలా వంతెనల మీద వంతెనలు వచ్చాయి. ప్రతి వంతెనా రద్దీని తర్వాతి సిగ్నల్ దాకా తీసుకెళ్లి అక్కడ దించేస్తోంది. ఈ వైపు మెట్రో రాయదుర్గంతో ఆగిపోయింది. కోకాపేట, నార్సింగి వాళ్లు ఆ స్టేషన్ చేరడానికే ఆటో ఎక్కాలి. రోజుకి ఆటోలకి 300 అనుకుంటే, 22 పనిదినాలకి 6,600. ఇప్పుడు 40 వేల ఇల్లు 51,600 అయింది. కరెంటు, నెట్, పనావిడ జీతం ఇంకా కలపలేదు.

మరి కాస్త దూరంగా మియాపూర్‌లో ఉండి మెట్రోలో వస్తే? చవకే, కానీ ఆ రైలు అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, మళ్లీ వెనక్కి రాయదుర్గం రావాలి. చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నట్టు! నన్నడిగితే హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే ఇల్లు ఈ లెక్కల్లో ఎప్పుడూ తీసిపారేయదగ్గది కాదు. రైళ్ల మధ్య గ్యాప్ ఎక్కువే, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాక మళ్లీ షేర్ ఆటో తప్పదు. అయినా కనీస టికెట్ 5 రూపాయలున్న బండిని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోకపోవడం నాకు వింతే.

కొత్తిమీర కట్టకీ డెలివరీ చార్జీ

ఎవరూ లెక్కెయ్యని ఖర్చు ఇంకోటుంది. కేపీహెచ్‌బీలోనో, పాత కొండాపూర్‌లోనో ఉంటే వీధి చివర కర్రీ పాయింట్ ఉంటుంది. అన్నం వండుకుని, ఓ పప్పు ప్యాకెట్, ఓ వేపుడు తెచ్చుకుంటే ఇద్దరి రాత్రి భోజనం అయిపోతుంది. కొత్త టవర్ల మధ్య ఆ కర్రీ పాయింట్ ఉండదు, టీ బంకు ఉండదు, అప్పిచ్చే కిరాణా కొట్టు అసలే ఉండదు. షాపు అద్దె కట్టి వాళ్లు అక్కడ బతకలేరు. దాంతో కొత్తిమీర కట్టకి కూడా యాప్ తెరవాలి. డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి ఇంకో రెండొందల సరుకు కలపాలి. నెలాఖరున ఈ చిల్లరంతా కూడితే చిన్నపాటి ఈఎంఐ.

పని చేసేవాళ్లకీ అదే ఇబ్బంది. ఇరవయ్యో అంతస్తులో అంట్లు తోమే ఆవిడ ఆ చుట్టుపక్కల ఉండలేదు, ఎక్కడో దూరం నుంచి రావాలి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో మహిళలకి బస్సు ఉచితమే, కానీ బస్సు గేటు దాకా రాదు కదా. స్టాపు నుంచి ఆటో, లేదంటే నడక. ఆ నడక ఖరీదు కలుపుకునే ఆవిడ జీతం అడుగుతుంది. 'ఇక్కడ పనివాళ్ల రేట్లు దారుణం' అని గ్రూపులో మెసేజ్ పెట్టేవాళ్లే, ఆవిడకి వేరే లిఫ్టు కేటాయించిన తీర్మానానికి చెయ్యెత్తారు. నాకు ఇది అస్సలు మింగుడుపడదు.

ఇవన్నీ విన్నాక కూడా అక్కడికే వెళ్తున్నారా? వెళ్లండి. ఆఫీసు నిజంగా పక్కనే ఉంటే, అర్ధరాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే అమ్మాయికి గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటే, దానికి డబ్బు పెట్టడంలో తప్పేం లేదు. కాకపోతే అడ్వాన్స్ కొట్టేముందు ఒక పనిదినం పొద్దున్న తొమ్మిదికి ఆ ఇంటి గేటు నుంచి మీ ఆఫీసుకి ఒకసారి వెళ్లి చూడండి. బ్యాచిలర్లకి ఇస్తారో లేదో ఓనరునే కాదు, అసోసియేషన్‌నీ అడగండి. ఓనరు సరేనన్నా, తాళాలు తీసుకునే రోజు గేటు దగ్గర 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని ఆపేస్తే లారీ అద్దె మీదే.

పెయింటింగ్ మాటా అప్పుడే తేల్చుకోండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి కోసుకునే అలవాటు ఇక్కడ గట్టిగా ఉంది. ఎంత కోస్తారో, ఎన్నాళ్లలోపు ఖాళీ చేస్తే కోస్తారో ఆ 11 నెలల అగ్రిమెంట్‌లో రాయించండి. సామాను దించకముందే గోడలు, కుళాయిలు, బాత్రూమ్ టైల్స్, కరెంటు మీటరు రీడింగ్ అన్నీ ఒక వీడియో తీసి, అదే రోజు ఓనరుకి వాట్సాప్ చేయండి. రెండు బ్లూ టిక్కులు పడ్డాకే లారీ తలుపు తీయించండి.